ఏది వెండి రూపాయి, ఏది కాదు?
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా అత్తగారి పెట్టెలో 1918, 1942, 1947 నాటి రూపాయి నాణేలు దొరికాయి. మూడూ తెల్లగానే ఉన్నాయి. వెండి ఏదో ఇంట్లోనే తేల్చుకోవచ్చా? (పాఠకురాలు, తెనాలి)

జవాబు: తేల్చుకోవచ్చు. ముందు అయస్కాంతం దగ్గర పెట్టండి. 1947 రూపాయి టక్కున అంటుకుంటుంది. వెనక పులి బొమ్మ ఉన్న ఆ నాణెం అచ్చంగా నికెల్‌ది. అంటుకుంటే ఇనుమేననుకోవడం పొరపాటు, నికెల్‌నీ అయస్కాంతం లాగుతుంది.

మిగతా రెండింట్లో వెండి ఉంది, కానీ ఒక్క మోతాదులో లేదు. 1918 రూపాయిలో నూటికి 91.7 పాళ్లు వెండి. 1940–45 మధ్య వచ్చిన వాటిలో 50 పాళ్లే. మిగిలినది 40 రాగి, 5 నికెల్, 5 జింకు. అంచు చూస్తేనే తేడా తెలుస్తుంది: పాతదానికి నిలువు గీతలే ఉంటాయి, 1942 దానికి ఆ గీతల నడుమ చుట్టూ ఒక గాడి ఉంటుంది.

తూకం ఒక్కటే చూస్తే మోసపోతాం. మూడూ 11.66 గ్రాములే. నకిలీ అనే అనుమానం ఉంటే నీళ్లలో తూచాల్సిందే. 0.01 గ్రాము దాకా చూపే జేబు తూకం మిషన్ కావాలి. నాణేన్ని ముందు పొడిగా తూచి రాసుకోండి. ప్లాస్టిక్ గ్లాసులో ముప్పాతిక వంతు నీళ్లు పోసి మిషన్ మీద పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నటి కుట్టుదారంతో కట్టి, పూర్తిగా మునిగేలా చేత్తో వేలాడదీయండి. అప్పుడు మిషన్ చూపే అంకె నాణెం పక్కకు నెట్టిన నీళ్ల బరువు. దాంతో పొడి బరువును భాగించండి. 1918 దానికి అంకె 1.13 దగ్గర, భాగఫలం 10.3 దగ్గర రావాలి. 1942 దానికి 1.22, 9.5. నికెల్‌కి 1.31, 8.9. అరిగిన నాణెం బరువు తగ్గినా భాగఫలం మారదు. అందుకే భాగఫలాన్నే నమ్మాలి.

ప్రశ్న: నీళ్లలో తూచాను. రెండుసార్లు రెండు రకాలుగా వచ్చింది. పావలాకైతే అసలు పొంతనే లేదు. (పాఠకుడు, కరీంనగర్)

జవాబు: నాణెం గ్లాసు అడుగునో పక్కనో తగిలి ఉండాలి. తగిలితే దాని బరువు మిషన్ మీదే పడి అంకె ఒక్కసారిగా ఎగబాకుతుంది. రెండో కారణం అక్షరాల మూలల్లో పట్టుకున్న గాలిబుడగలు. నీళ్లలో గిన్నెలు కడిగే ద్రవం ఒక్క చుక్క వేసి, నాణేన్ని మెల్లగా కదిపితే బుడగలు వదులుతాయి. ఫ్యాన్ ఆపండి, గాలికి మిషన్ అంకె నిలవదు.

పావలా సంగతి వేరు. దాని బరువు 2.92 గ్రాములే. నీళ్లలో మిషన్ అంకె మంచి వెండికి 0.28, సగం వెండికి 0.31 వస్తుంది. 0.02 తేడా వచ్చినా తీర్పు తారుమారవుతుంది. ఒకే కాలం నాటివి పది ఉంటే కలిపి కట్టి తూచండి. ఒక్కటే ఉంటే ఐదారుసార్లు తూచి సగటు తీయండి.

నగగా వేసుకోవడానికి కొండి అతికించిన రూపాయికి ఈ లెక్క పనికిరాదు. అతుకు లోహం కూడా లెక్కలోకి వస్తుంది.

ప్రశ్న: చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం రూపాయికి కూడా ఇవే అంకెలా? (పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: కావు. హాలీ సిక్కా అనే ఆ నిజాం రూపాయి 11.18 గ్రాములు, వెండి 81.8 పాళ్లు. నీళ్లలో 1.10 దగ్గర, భాగఫలం 10.2 దగ్గర రావాలి. దాని మీద ఉండేది హిజ్రీ సంవత్సరం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో వచ్చిన వాటిలో వెండి సగమే. కాబట్టి భాగఫలం 9.5 చూపినంత మాత్రాన నకిలీ అనెయ్యకండి, సంవత్సరం చూడండి.

ప్రశ్న: మంచుముక్క పెడితే వెండి తెలుస్తుందంటారు. చింతపండుతో తోమి చూడమని కూడా అన్నారు. (పాఠకుడు, విజయనగరం)

జవాబు: మంచు వెండి మీద గబగబా కరుగుతుంది, నిజమే. రాగి మీద కూడా దాదాపు అంతే వేగంగా కరుగుతుంది. వెండి పూత పూసిన రాగి ఈ పరీక్షలో నెగ్గేస్తుంది. నీళ్లలో తూస్తే మాత్రం రాగి భాగఫలం 9 దగ్గరే ఆగిపోతుంది. మోగించి చూడటం కొంత మేలు. నాణేన్ని వేలికొన మీద నిలిపి, మరో నాణెంతో అంచు మీద తట్టండి. వెండి ఖంగుమని మోగి సన్నగా సాగుతుంది. పగులున్న అసలు నాణెం కూడా బొంగురుగానే పలుకుతుంది, దీన్నొక్కదాన్నే నమ్మవద్దు.

చింతపండు, ఉప్పు, విబూది, ఆమ్లం ఏవీ దగ్గరికి రానివ్వకండి. నల్లపొర గంధకం తగిలి వెండి మీద ఏర్పడినదే. దాన్ని రుద్దేస్తే పైపొర అరిగి, సేకరించేవాళ్లు ఇచ్చే ధర పడిపోతుంది. గీటురాయి మీద గీసినా అంతే, గీత పోదు. సబ్బునీళ్లలో ముంచి తీసి, మెత్తటి గుడ్డతో అద్దితే చాలు.

ప్రశ్న: ఐదు రూపాయల బిళ్లలు మూడు రకాలుగా ఎందుకున్నాయి? (విద్యార్థి, ఒంగోలు)

జవాబు: మూడింటి లోహం వేరు. 9 గ్రాముల మందపాటి బిళ్ల రాగి–నికెల్‌ది (75, 25 పాళ్లు), అయస్కాంతానికి అంటుకోదు. 6 గ్రాముల తెల్లటి పలచనిది స్టీలు, అంటుకుంటుంది. 6 గ్రాముల పసుపు రంగుది రాగి, జింకు, నికెల్ కలిసిన ఇత్తడి, అంటుకోదు. రూపాయి బిళ్లల్లో కూడా 1992 నుంచి వచ్చిన 4.85 గ్రాముల స్టీలువి అంటుకుంటాయి, అంతకుముందు 6 గ్రాముల రాగి–నికెల్‌వి అంటుకోవు.