ఒక్క స్లైడు చూసి రక్తంలో పరాన్నజీవులు లేవనుకోకండి

మీ ఆవుకు జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ 105 డిగ్రీలకు వస్తోందని, రక్త పరీక్షలో ఏమీ లేదన్నారని రాశారు. ఒంటి మీద పిడుదులు కూడా ఉన్నాయన్నారు కాబట్టి, ఒక్క స్లైడుతో వదిలేయకండి. పరాన్నజీవులు తక్కువగా ఉంటే అందులో దొరకవు.

జ్వరం బాగా ఉన్నప్పుడు, తర్వాతి మందు వేయకముందే, చెవి కొసన చుక్క రక్తం తీసి పలచటి స్లైడు చేయించండి. పరాన్నజీవులు కనబడేలా చేసే గిమ్సా రంగు వేశాక ఎర్ర కణం లోపల జంట నీటిబొట్లలా కనిపిస్తే అది పిడుదుల వల్ల వచ్చే బబేసియా అనే పరాన్నజీవి. మూత్రం కాఫీ రంగులో ఉందేమో కూడా చూడండి.

నాకైతే పిడుదుల వల్లే వచ్చే మరో పరాన్నజీవి, థైలీరియా అనుమానమే ఎక్కువ. భుజం ముందు చర్మం కింద చేత్తో తడమండి. అక్కడ గ్రంథి ఉబ్బి గట్టిగా తగిలితే డాక్టరుగారిని సూదితో దాని ద్రవం తీసి పరీక్షించమనండి. తొలి రోజుల్లో రక్తంలో దొరకనిది అక్కడ దొరుకుతుంది. సర్రా అనే జబ్బు అయితే దాని పరాన్నజీవి తాజా రక్తపు చుక్కలోనే కణాల మధ్య మెలికలు తిరుగుతూ కదులుతుంది, కానీ ఒక్కోరోజు కనిపించదు.

ఇవేవీ తేలకపోతే పీసీఆర్ (రక్తంలో పరాన్నజీవి జన్యు పదార్థాన్ని వెతికే ల్యాబ్ పరీక్ష) చేయించండి. ఈ జబ్బులన్నిటికీ ఒకే మందు పనిచేయదు. కనురెప్ప లోపల పాలిపోయి ఉంటే మాత్రం రిపోర్టు కోసం ఆగకుండా ఈరోజే డాక్టరుగారిని పిలిపించండి.