ఐస్ హాకీ జట్టు సీజన్‌వారీ పట్టికను ఎలా చదవాలి? ఫోర్ట్ వేన్ కోమెట్స్ ఉదాహరణ

అమెరికాలోని చిన్న నగరాల ఐస్ హాకీ జట్ల సీజన్‌వారీ పట్టికల్లో గెలుపోటముల అంకెలే కనిపిస్తున్నాయనీ, ఏ ఏడాది జట్టు నిజంగా బాగా ఆడిందో వాటిని బట్టి ఎలా తెలుసుకోవాలనీ మీరు అడిగారు. ఉద్యోగరీత్యా ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్ వేన్‌లో స్థిరపడి, ఇక్కడి కోమెట్స్ జట్టు ఆటను ఏటా చూస్తున్నవాడిగా నాకు తెలిసింది చెబుతాను. నా మట్టుకు నేను గెలుపుల గడి కంటే ముందు, చాలామంది దాటేసి వెళ్లిపోయే లీగ్ పేరు గడిని చూస్తాను.

కోమెట్స్ 1952లో ఇంటర్నేషనల్ హాకీ లీగ్‌లో మొదలైంది. 1990లలో ఆ లీగ్ లాస్ వెగాస్, హ్యూస్టన్, షికాగో, డెట్రాయిట్ వంటి మహానగరాలకు విస్తరించడంతో ఖర్చులు పెరిగిపోయాయి. కోమెట్స్ 1999లో యునైటెడ్ హాకీ లీగ్‌కు మారింది. రెండేళ్లు తిరక్కుండానే, 2001లో, పాత లీగ్ మూతపడింది. యునైటెడ్ లీగ్ 2007లో ఆ పాత పేరునే పెట్టుకుని మూడు సీజన్లు నడిచింది. ఆ తర్వాత కోమెట్స్ రెండు సీజన్లు సెంట్రల్ హాకీ లీగ్‌లో ఆడి, 2012 నుంచి ఈసీహెచ్‌ఎల్ అనే లీగ్‌లో కొనసాగుతోంది. జట్టు పేరూ, ఊరూ, 1952లోనే తెరిచిన కొలిజియమూ మారలేదు కానీ ఎదుటి జట్లూ, ఆటగాళ్ల స్థాయీ మారుతూ వచ్చాయి. అందువల్ల 1965 నాటి 40 గెలుపులనూ 2005 నాటి 40 గెలుపులనూ ఒకే తక్కెడలో తూచలేం.

లీగ్ తర్వాత జాగ్రత్తగా చూడవలసింది మూడో అంకె. 1959–60 సీజన్‌కు ఎదురుగా 50–16–2 అని ఉంటుంది. అంటే 50 గెలుపులు, 16 ఓటములు, 2 డ్రాలు. 1992–93కు ఎదురుగా 49–27–6 అని ఉంటుంది. ఇక్కడి 6 మాత్రం డ్రాల లెక్క కాదు. అప్పటి ఇంటర్నేషనల్ లీగ్ 1980ల రెండో భాగంలోనే షూటౌట్ పద్ధతిని (ఒక్కో ఆటగాడు గోల్‌కీపర్‌తో ఒంటరిగా తలపడటం) ప్రవేశపెట్టి డ్రాలను తీసేసింది కాబట్టి, అవి నిర్ణీత సమయం ముగిశాక ఓడి ఒక్కో పాయింటు దక్కించుకున్న మ్యాచ్‌లు. ఇప్పటి ఈసీహెచ్‌ఎల్ ఓవర్‌టైమ్ (అదనపు సమయం) ఓటమినీ షూటౌట్ ఓటమినీ విడివిడిగా చూపుతుంది కనుక నాలుగు అంకెలు కనిపిస్తాయి. గెలుపుకు రెండు, ఇలాంటి ఓటమికి ఒకటి చొప్పున కూడితే పాయింట్లు వస్తాయి.

నేను పైన చెప్పిన ఆ రెండు సీజన్లనే పక్కపక్కన పెట్టి చూడండి. 50 మ్యాచ్‌లు గెలిచి లీగ్ మొత్తంలో అగ్రస్థానంలో నిలిచిన 1960 జట్టు ఏడు మ్యాచ్‌ల ఫైనల్ సిరీస్‌లో సెయింట్ పాల్ జట్టు చేతిలో చివరి మ్యాచ్‌లో ఓడి, లీగ్ విజేతకిచ్చే టర్నర్ కప్ అందుకోలేకపోయింది. ఊరికి మొదటి కప్పు 1963లో గానీ రాలేదు. 1993లో దీనికి పూర్తిగా తలకిందులైంది. ఆ ఏడాది శాన్ డియేగో గల్స్ 62 గెలుపులతో 132 పాయింట్లు సాధించగా, కోమెట్స్‌కు వచ్చినవి 104. అయినా అల్ సిమ్స్ శిక్షణలోని కోమెట్స్ ప్లేఆఫ్స్‌లో (లీగ్ దశ తర్వాత టైటిల్ కోసం జరిగే పోటీల్లో) ఆడిన 12 మ్యాచ్‌లూ గెలిచి, ఫైనల్లో అదే శాన్ డియేగోను 4–0తో క్లీన్‌స్వీప్ చేసింది. లీగ్ దశ పాయింట్లను మాత్రమే చూసేవారికి ఇది ఒక మోస్తరు మంచి ఏడాదిగానే కనిపిస్తుంది. ఈ ఊరి పెద్దవాళ్లను అడిగితే మాత్రం అన్నిటికంటే ముందు దాన్నే చెబుతారు.

పట్టికలో అసలు కనిపించని సంగతి 1990ది. 1989–90 వరుస కింద 1990–91 వరుస మామూలుగానే ఉంటుంది కాబట్టి, అంతా సవ్యంగా సాగిందనే అనుకుంటాం. నిజానికి ఆ వేసవిలో అసలు ఫ్రాంచైజీ న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీకి తరలిపోయి, అక్కడ సీజన్ మధ్యలోనే మూతపడింది. ఫ్రాంకీ కుటుంబం మిషిగన్‌లోని ఫ్లింట్ జట్టును కొని, ఫోర్ట్ వేన్‌కు తెచ్చి, కోమెట్స్ పేరును నిలబెట్టింది. కొలిజియంలో మా వరుసలోనే కూర్చునే ఒక పెద్దాయన, నారింజ రంగు జెర్సీ లేకుండా ఎన్నడూ రాని మనిషి, ఈ విషయం నాకు మొదటిసారి చెప్పినప్పుడు ఆయన గొంతులో కృతజ్ఞత స్పష్టంగా వినిపించింది. అలా వచ్చిన జట్టు తొలి ఏడాదే ఫైనల్‌కు చేరి పియోరియా చేతిలో ఓడింది. పట్టికలో అది రన్నరప్ అన్న ఒక్క మాటతో సరి.

2008, 2009, 2010లలో వరుసగా మూడు టైటిళ్లు కనిపిస్తాయి. అవి ఎవరూ తీసేయలేని విజయాలే. కాకపోతే పాత పేరు పెట్టుకున్న ఆ యునైటెడ్ లీగ్‌లో 2007–08లో ఉన్నవి ఆరు జట్లే. వాటికంటే 2021లో గెలిచిన ఈసీహెచ్‌ఎల్ టైటిల్ కెల్లీ కప్‌కే నేను ఎక్కువ విలువ ఇస్తాను. కరోనా కారణంగా ఆ సీజన్‌లో జట్లన్నీ సమానంగా మ్యాచ్‌లు ఆడలేకపోవడంతో, స్థానాలను మొత్తం పాయింట్లతో కాక పాయింట్ల శాతంతో నిర్ణయించారు. ఆ ఏడాది ఆలస్యంగా, ఫిబ్రవరిలో, బరిలోకి దిగిన కోమెట్స్ ఫైనల్లో సౌత్ కరోలినాను 3–1తో ఓడించింది. దానికి ముందు వరుసలో, అంటే 2019–20లో, ప్లేఆఫ్స్ గడి ఖాళీగా ఉంటే జట్టు అర్హత సాధించలేదని అనుకోకండి. 2020 మార్చిలో సీజన్‌నే రద్దు చేశారు కనుక ఆ ఏడాది లీగ్‌లో ఏ జట్టూ ప్లేఆఫ్స్ ఆడలేదు.