వదిన నీళ్ళు లెక్కగట్టి పోస్తదంటున్నవా తమ్ముడూ?

తమ్ముడూ, పరకాల నుంచి నువ్వు రాసింది రెండుసార్లు చదివిన. మీ బాపు ఎప్పుడో మగ్గాల పనికని సూరత్ పోయి పెద్దకొడుకు దగ్గర్నే ఉండిపోయిండు, రెండేండ్ల నుంచి డయాలసిస్ నడుస్తుంది, ఇప్పుడు మీ అన్న "ఇగ నీ వంతు, తీస్కపో" అన్నడు, దసరాకు ముందే తేవాలె, కారా రైలా అని అడిగినవు. ఆఖర్ల ఇంకో మాట రాసినవు. వదిన బాపుకు నీళ్ళు కూడా లెక్కగట్టి పోస్తదట, బాటిల్ మీద గోళ్ళరంగుతో గీత గీసి పెట్టిందట, బాపు ఫోన్ల ఏడ్చిండట, అప్పట్నుంచి నువ్వు ఆమెతోని మాట్లాడుతలేవట.

రైలే. నవజీవన్ ఎక్స్‌ప్రెస్ సూరత్‌ల ఎక్కితే వరంగల్‌లనే దిగుడు, మధ్యల మారే పని లేదు, పెద్దమనిషి పండుకొని రావచ్చు, బాత్రూం ఉంటది. వెయ్యి కిలోమీటర్లు కార్ల కూసోబెట్టకు. ఇగ ఆ ప్రశ్న అయిపోయింది.

ఆ గీత ముచ్చటకొస్త. కిడ్నీలు పనిచెయ్యనోల్లకు తాగిన నీళ్ళు బయటికి పోవు, మల్ల డయాలసిస్ మిషన్ మీద పండుకునేదాక ఒంట్లనే ఉంటయ్. కాళ్ళు వాస్తయ్, బీపీ పెరుగుతది, ఊపిరితిత్తులల్ల చేరితే రాత్రి పండుకోనియ్యది, కూసుండి ఊపిరి కోసం కొట్టుకుంటరు. మామూలుగ డాక్టర్లు ఏం చెప్తరంటే రోజుకు ఎంత మూత్రం వస్తే అంత, దాని మీద ఒక అర లీటరు, గంతే. అండ్లనే చాయ్, అండ్లనే చారు, మజ్జిగ, గోలీలు మింగే నీళ్ళు కూడా. బాపుకు దూప అయ్యేది నిజమే, ఏడ్చిందీ నిజమే. కానీ ఆ ఏడుపు నువ్వు ఫోన్ల ఒక్కసారి విన్నవు, ఆమె రెండేండ్ల నుంచి పొద్దుమాపు వింటుంది, విని కూడా గీత దాటనిస్తలేదు. మీ బాపు ఇయ్యాల బండి ఎక్కే స్థితిల ఉన్నడంటే అండ్ల ఆ గీతకు చానా పాలు ఉన్నది తమ్ముడూ.

మా అత్తమ్మకు నేను చేసిన, అందుకే ఇంత గట్టిగ చెప్తున్న. మా ఆడబిడ్డ ఎప్పుడో ఒకసారి వచ్చేది, వచ్చినప్పుడల్లా కొబ్బరిబోండాలు తెచ్చేది. కొబ్బరినీళ్ళల్ల పొటాషియం ఎక్కువ, ఈ రోగం ఉన్నోల్లకు గుండె మీదికొస్తది. నేను పక్కకు పెడితే "మా అమ్మకు నోటికి కూడా ఇయ్యది" అని చుట్టాలల్ల చెప్పింది. ఆ మాట నాకు ఇప్పటికీ మర్చిపోబుద్ది కాదు. దగ్గరుండి కడిగేటోల్లను దూరమున్నోల్లు తప్పు పట్టుడు నేను సహించ.

"అల్లుడు తీస్కొస్తడు, నేను స్టేషన్‌ల దింపుకుంట" అని రాసినవు చూడు, అది కుదరది. నువ్వే పోవాలె, వారం ముందే పోవాలె, ఆ ఇంట్లనే ఉండాలె. వదిన పక్కన కూసొని నేర్చుకో. మిషన్ దిగినంక బాపు బరువు ఎంతుండాలె, ఫిస్టులా, అంటే మిషన్ సూదుల కోసం ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం, ఏ చెయ్యికి ఉన్నది (ఆ చెయ్యికి బీపీ చూడనియ్యద్దు, డయాలసిస్‌కు తప్ప వేరే సూది పొడవనియ్యద్దు, ఆ చెయ్యి మీద పండుకోనియ్యద్దు), కూరగాయలు ఎట్ల ఉడకబెట్టి నీళ్ళు పారబోస్తది, ఏ గోలీ అన్నంతోని ఏది తర్వాత. ఇవన్నీ ఫైల్‌ల ఉండయ్, ఆమె చేతులల్ల ఉంటయ్.

ఇక్కడ డయాలసిస్ స్లాట్ ఖాయం కానిది టికెట్ తియ్యకు. వరంగల్ సర్కారు దవాఖాన ఎంజీఎంల అడుగు, ఆరోగ్యశ్రీల ఉన్న ప్రైవేటుల అడుగు, ముందు బాపు పేరు ఇక్కడి రేషన్ కార్డుల ఉన్నదా పోయిందా చూస్కో. హెపటైటిస్ బీ, సీ, హెచ్ఐవీ రిపోర్టులు కొత్తయి కావాలె, అవి లేంది మిషన్ ఎక్కియ్యరు. సూరత్‌ల డయాలసిస్ అయిన తెల్లారి బండెక్కాలె, వరంగల్ల దిగిన తెల్లారికి ఇక్కడ మిషన్ ఖాళీ ఉండాలె. కిడ్నీ పేషెంట్లకు, వెంట వచ్చే ఒకలకు రైల్వేల రాయితీ ఉంటది, డాక్టర్ సర్టిఫికెట్ రాయించుకో. ఇవన్నీ దసరాలోపు అయితే మంచిదే, కాకుంటే పండుగ సూరత్‌లనే చేసుకోర్రి, అందరు కలిసి.

ఇంకోటి, నీ ఉత్తరంల "మా ఇంటామె చూస్కుంటది" అని రాసినవు. ఆమెను అడిగినవా? రేపు మీ ఇంట్ల బాపు నీళ్ళకు ఏడిస్తే ఆ మాటలు పడేది ఎవరో ఇప్పుడు నీకు తెల్సు. కన్నతండ్రి నీకు. గీత దాకా నీళ్ళు నింపుడు, ఇగ సాలు బాపూ అని చెప్పుడు నీ పని, షాపు కొంచెం ఆలస్యంగ తెరిచినా పర్వాలేదు.

ఇయ్యాల రాత్రి వదినకు ఫోన్ చెయ్యి. అన్న ఎత్తితే వదినకు ఇయ్యమను. నీళ్ళ సంగతి నాకు తెల్వక తప్పుగ అనుకున్న వదినా అని ఆ ఒక్కటి చెప్పు, పంపకాల ముచ్చట తియ్యకు. ఆమె ఏమన్న అంటే అననియ్యి, మధ్యల అడ్డం రాకు. వచ్చేటప్పుడు ఆ బాటిల్ అడిగి సామాన్ల పెట్టుకో, రైల్ల కూడా దాంతోనే తాపియ్యాలె.