జ్వరం తగ్గింది, నీరసం తగ్గలేదు.. సెలైన్ ఎక్కించుకోవాలా?

ప్రశ్న: నా వయసు 34. విజయవాడలో ఒక బట్టల షాపులో చీరల సెక్షన్‌లో పని చేస్తున్నాను. ఇద్దరు పిల్లలు. రెండు వారాల క్రితం 102 జ్వరం వచ్చింది. శ్రావణమాసం రద్దీ అని సెలవు ఇవ్వలేదు. పూటకో డోలో 650 వేసుకుని ఐదు రోజులూ డ్యూటీకి వెళ్లాను. ఆరో రోజు జ్వరం పోయింది కానీ ఒంట్లో సత్తువ లేదు. మధ్యాహ్నానికే కాళ్లు లాగేస్తున్నాయి. మెట్లెక్కితే గుండె దడ. రెండు సెలైన్లు ఎక్కిస్తే లేచి తిరుగుతావని మా వీధి ఆర్‌ఎంపీ గారు అంటున్నారు. ఎక్కించుకోమంటారా? ఇంకో మాట. ఈ మధ్య జ్వరం లేకపోయినా ఒక రోజు ఊరికే పడుకోవాలనిపిస్తోంది. ఇది బద్ధకమా, జబ్బా? - ఒక పాఠకురాలు

జవాబు: చూడమ్మా, ముందు సెలైన్ సంగతి తేల్చేద్దాం. మీరు నోటితో తింటున్నారు, తాగుతున్నారు, వాంతులు లేవు. అలాంటప్పుడు సెలైన్ అవసరం లేదు. ఆ సీసాలో ఏముంటుందో తెలిస్తే మీరే వద్దంటారు. ఉప్పునీళ్ల సీసా అయితే అర లీటరుకు నాలుగున్నర గ్రాముల ఉప్పు. గ్లూకోజ్ సీసా అయితే అర లీటరుకు 25 గ్రాముల చక్కెర, అంటే ఐదారు చెంచాలు. దాన్నుంచి వచ్చే శక్తి రెండు ఇడ్లీలు తింటే వచ్చేదానికి మించదు.

మరి ఎక్కించుకున్నవాళ్లంతా ప్రాణం లేచొచ్చిందని ఎందుకంటారు? వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. ఆ గంటన్నర సేపు మంచం మీద కదలకుండా పడుకుంటారు. నెత్తిన ఫ్యాను తిరుగుతుంటుంది. పిల్లలు పిలవరు, షాపు నుంచి ఫోన్ రాదు, వచ్చినా పక్కనున్నవాళ్లు ఎత్తి "సెలైన్ ఎక్కుతోందండీ" అంటారు. అంతే, అవతలివాళ్లు ఇంకేం అడగరు. ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను. చేతికి సూది ఉంటే తప్ప మనిషిని, ముఖ్యంగా ఆడమనిషిని, పగటిపూట పడుకోనివ్వని ఇళ్లు ఎన్నో. అందుకే మీకు మందుచీటీ మీద మొదటి మందుగా విశ్రాంతినే రాస్తున్నాను. మూడు రోజులు పూర్తిగా, ఆ తర్వాత నాలుగు రోజులు వీలైతే సగం పూట డ్యూటీ.

మీకు ఇంత నీరసం ఎందుకొచ్చిందో చెబుతాను. ఒంటి వేడి ఒక్క డిగ్రీ సెల్సియస్ పెరిగితే శరీరం ఖర్చు చేసే శక్తి సుమారు పది శాతం పెరుగుతుంది. జ్వరంలో నోటికి రుచి ఉండదు, తిండి తగ్గుతుంది. ఆ లోటును శరీరం కండరాలను కరిగించి పూడ్చుకుంటుంది. డోలో వేడిని తగ్గిస్తుంది, ఒళ్లు నొప్పులు తగ్గిస్తుంది. వైరస్‌తో లోపల జరిగే పోరాటం మాత్రం దాని దారిన అది నడుస్తూనే ఉంటుంది. థర్మామీటర్ 98 చూపించింది కదా అని మీరు షాపుకెళ్లి పది గంటలు నిలబడి చీరలు విప్పి, చూపించి, మడతలు పెట్టారు. కూర్చోవడానికి స్టూలు ఉండి ఉండదు. రోజంతా నిలబడి అమ్మే సిబ్బందికి కూర్చునే ఏర్పాటు ఉండాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో తమ షాపుల చట్టాలను మార్చాయి. జ్వరంతో ఉన్న మనిషికి అదెంత అవసరమో నేను చెప్పనక్కర్లేదు.

ఇక్కడ మీకే కాదు, ఇది చదివే అందరికీ ఒక హెచ్చరిక చెప్పాలి. ఈ కాలంలో వచ్చే జ్వరాల్లో డెంగీ కూడా ఉంటుంది. డెంగీలో అసలు గండం జ్వరం కాస్తున్నప్పుడు కాదు, తగ్గాకే. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య వేడి దిగుతున్న సమయంలోనే రక్తనాళాల నుంచి నీరు బయటికి కారిపోతుంది, బీపీ పడిపోతుంది. నా దగ్గరికి వచ్చిన ఒక ఆటో డ్రైవర్ ఐదో రోజు ఒళ్లు చల్లబడిందని స్నానం చేసి బండి తీశాడు. సాయంత్రానికి సిగ్నల్ దగ్గర హ్యాండిల్ మీదికి వాలిపోయాడు. తీసుకొచ్చినప్పుడు చేతులు మంచుముక్కల్లా ఉన్నాయి, పొద్దుటి నుంచి మూత్రం రాలేదు. నాలుగు రోజులు ఐసీయూలో ఉండి బతికి బయటపడ్డాడు. కాబట్టి జ్వరం తగ్గాక కూడా రెండు రోజులు ఇంట్లోనే ఉండాలి. విడవని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, కాళ్లూ చేతులూ చల్లబడటం, మత్తుగా ఉండటం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి వెళ్లాలి. డెంగీ కాదని తేలేదాకా పారాసిటమాల్ తప్ప ఇంకో నొప్పి మాత్ర జోలికి పోవద్దు. డోలో 650 కూడా ఆరు గంటలకొకటి, రోజుకు నాలుగు మించకూడదు. మీకైతే జ్వరం తగ్గి వారం దాటింది కాబట్టి ఆ గండం గడిచినట్టే.

మెట్లెక్కితే దడ అన్నారు. దాన్ని తేలిగ్గా తీసుకోను. పొద్దున మెలకువ రాగానే, మంచం దిగకముందే, మణికట్టు దగ్గర నాడి పట్టుకుని నిమిషం లెక్కపెట్టండి. కాగితం మీద రాయండి. తర్వాత నిలబడి, ఐదు నిమిషాలు ఆగి మళ్లీ లెక్కపెట్టండి. తేడా పదీ పదిహేను ఉంటే ఫర్వాలేదు. ముప్పై దాటుతుంటే ఒంట్లో నీరు తక్కువగా ఉండో, రక్తం తక్కువగా ఉండో, వైరస్ దెబ్బ నుంచి తేరుకోకో అయి ఉంటుంది. ఛాతీలో నొప్పి, పడుకుంటే ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే మాత్రం ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి ఆ రోజే ఈసీజీ తీయించుకోండి. అరుదుగానైనా కొన్ని వైరస్‌లు గుండె కండరానికి వాపు తెస్తాయి. అప్పుడు శ్రమ పడితే ముప్పు.

వారం విశ్రాంతి తీసుకున్నా నీరసం అలాగే ఉంటే రక్తపరీక్ష చేయించుకోండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, బి12, ఈ నాలుగు చాలు. పెద్ద ప్యాకేజీలు వద్దు. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా, 57 శాతం మందికి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. మీకు హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువ ఉంటే ఈ జ్వరం రాకముందు నుంచే మీరు అరువు సత్తువతో నెట్టుకొస్తున్నారన్నమాట. నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉంటే అది కూడా డాక్టరుకు చెప్పండి. సిగ్గుపడొద్దు.

తిండి విషయంలో మన పెద్దవాళ్ల పద్ధతి బాగుండేది. లంఖణం పరమౌషధం అన్న మాటను పట్టుకుని కడుపు మాడ్చుకోమని నేను చెప్పను, ఇప్పుడు మీకు తిండి కావాలి. కానీ జ్వరం తగ్గినవాళ్లకు పథ్యం పెట్టే ఆచారం గుర్తుందా? బీరకాయ కూర, చారన్నం, గంజి. దాంతోపాటు పది రోజులు బరువు ఎత్తనిచ్చేవాళ్లు కాదు, ఎండలోకి పంపేవాళ్లు కాదు. మనం పథ్యంలో బీరకాయను ఉంచుకుని మిగతాది వదిలేశాం. మీరు పప్పు, గుడ్డు, పెరుగు కూడా కలుపుకోండి, కరిగిన కండ మళ్లీ పట్టాలంటే మాంసకృత్తులు కావాలి.

సెలవు ఎలా అడగాలన్నది మీ అసలు బాధ అని మీ ఉత్తరం చదివితే అర్థమవుతోంది. ఆంధ్రప్రదేశ్ షాపుల చట్టం 1988 ప్రకారం షాపు ఉద్యోగికి ఏడాదికి 12 రోజుల వరకు జీతంతో కూడిన జబ్బు సెలవు ఉంది. క్యాజువల్ సెలవులు వేరే. యజమాని దయతలచి ఇచ్చేది కాదది. మీ నెల జీతం 21,000 రూపాయల లోపు ఉండి, జీతం చీటీలో ఈఎస్‌ఐ (ఉద్యోగుల బీమా) కటింగ్ కనిపిస్తుంటే ఇంకో దారి కూడా ఉంది. 14,000 జీతానికి నెలకు 105 రూపాయలు కట్ అవుతుంది, చూసుకోండి. ఈఎస్‌ఐ డాక్టరు సర్టిఫికెట్ ఇస్తే జబ్బు పడిన రోజులకు సగటు వేతనంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు వస్తుంది. మొదటి రెండు రోజులకు మాత్రం మామూలుగా రాదు. దీనికి ముందు ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా కట్టి ఉండాలి. డిస్పెన్సరీ ఎక్కడో తెలియకపోతే గుణదల ఈఎస్‌ఐ ఆసుపత్రిలో అడగండి. యజమానులకూ ఒక మాట. ఫ్లూ ఉన్న మనిషి మొదటి నాలుగైదు రోజులు చుట్టుపక్కలవాళ్లకు అంటిస్తుంది. ఏసీ కోసం తలుపులు మూసిన షాపులో ఒకరికి సెలవు ఇవ్వకపోతే వారానికి నలుగురు మంచాన పడతారు. మాత్ర వేసుకోకుండా 24 గంటలు జ్వరం లేకుంటేనే పనికి రమ్మనండి.

ఇక చివరి ప్రశ్న, బద్ధకమా అని. కాదమ్మా. బద్ధకస్తురాలైతే 102 జ్వరంతో ఐదు రోజులు డ్యూటీ చేయదు. 2015లో అమెరికాలో 164 మంది ఆరోగ్యవంతుల ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేసి చూశారు. అంతకుముందు వారం ఆరు గంటల కంటే తక్కువ నిద్రపోయినవాళ్లకు, ఏడు గంటలు దాటి నిద్రపోయినవాళ్లకంటే జలుబు పట్టే అవకాశం సుమారు నాలుగు రెట్లు ఎక్కువని తేలింది. మీరు రాత్రి పదిన్నరకు ఇల్లు చేరి, గిన్నెలు తోమి, పొద్దున్నే ఐదింటికి లేస్తే ఎన్ని గంటలు నిద్రపోతున్నారో మీరే లెక్క వేసుకోండి. ఊరికే పడుకోవాలనిపించడం ఒంట్లో నుంచి వచ్చే కబురు. నెలకొక రోజు క్యాజువల్ సెలవు పెట్టి, ఏ పనీ పెట్టుకోకుండా పడుకోండి. అయితే పడుకున్నా నిద్ర పట్టకపోవడం, దేనిమీదా మనసు పోకపోవడం, ఏడుపు రావడం రెండు వారాలకు మించి ఉంటే అది వేరే సంగతి. దానికీ మంచి వైద్యం ఉంది, నాకు మళ్లీ రాయండి.

మీ వారికి ఈ జవాబు చూపించండి. సెలవు రోజున ఆడవాళ్లు దుప్పట్లు ఉతుకుతారు, పిండి రుబ్బుతారు, బూజులు దులుపుతారు. అది సెలవు కాదు, డ్యూటీ మార్పిడి. ఈ మూడు రోజులు వంట, పిల్లల టిఫిన్ డబ్బాలు ఆయన చూసుకోవాలి. మీరు మధ్యాహ్నం రెండు గంటలు గది తలుపు దగ్గరకు వేసి, ఫోన్ ఆయన చేతికిచ్చి పడుకోవాలి. నాలుగో రోజు నుంచి సాయంత్రం చల్లబడ్డాక వీధి చివరిదాకా నడిచి రండి. ఆ రాత్రి ఒళ్లు నొప్పులు, దడ పెరగకపోతే మర్నాడు ఇంకాస్త దూరం. పెరిగితే మళ్లీ రెండు రోజులు ఆగండి. పనిలో చేరాక మొదటి వారం ఒక స్టూలు అడగండి. అడగడానికి మొహమాటమైతే మీ డాక్టరు చేత సర్టిఫికెట్ మీద "ఎక్కువసేపు నిలబడకూడదు" అని రాయించుకోండి, మేం రాస్తాం.

పొద్దుటి నాడి లెక్కలు వారం రోజులవి, హిమోగ్లోబిన్ రిపోర్టు పంపండి. ఐరన్ మాత్రలు అవసరమో కాదో అవి చూశాకే చెబుతాను. అంతవరకు టానిక్కులు కొనకండి.