కోడలి పాదం, పొగాకు ధర

ప్రకాశం జిల్లా కొండపి వైపు పల్లె నుంచి ఒక సోదరి రాశారు. 2023లో పెళ్లయింది. భర్త పొగాకు వేస్తాడు. సొంతం మూడెకరాలు, మిగతాది కౌలు, ఆకు కాల్చే బ్యారన్ కూడా అద్దెదే. 2025 పంటతో అప్పు మీదపడింది. "ఈ పిల్ల అడుగుపెట్టినకాడి నుంచి ఇల్లు లేవలా" అని మామగారు నలుగురిలో అంటున్నారట. ఈశాన్యంలో మెట్లు దోషమని సిద్ధాంతి చెప్పాడట. మెట్లు తీయించాలా, పేరు మార్చుకోవాలా అని ఆమె ప్రశ్న.

అమ్మా, మెట్ల జోలికి పోకండి. పేరూ మార్చుకోకండి. ఆ ప్రశ్న అయిపోయింది.

మీ మామగారి లెక్కే తీసుకుందాం. 2024 వేలంలో పొగాకు మంచి ధర పలికింది. అప్పటికి మీరు కొత్త కోడలే. ఆ డబ్బు చేతికందినప్పుడు ఇది కోడలి పాదం చలవ అని ఎవరైనా అన్నారా? 2015లో ధర పడిపోయి ప్రకాశంలో రైతులు ప్రాణాలే తీసుకున్నారు. అప్పుడు మీరు బడికి పోతుండి ఉంటారు. ఆ ఏడు ఎవరి పాదమో ఆయన్నే చెప్పమనండి.

2024 ధర చూసి మరుసటేడు అందరూ ఎగబడి వేశారు. పొలం కౌలు పెరిగింది, బ్యారన్ అద్దె పెరిగింది, కూలీ పెరిగింది. తీరా వేలం కేంద్రానికి పోతే లోగ్రేడును, అంటే నాణ్యత తక్కువ ఆకును, పక్కన పెట్టేశారు. ఆకు మూటలు, అదే బేళ్లు, వరసలో పెట్టడం వరకే రైతు వంతు. ధర చెప్పేది కొనే కంపెనీల మనుషులు, వాళ్ల ఆర్డర్లేమో ఎక్కడో విదేశాల్లో తేలతాయి. తిరిగొచ్చిన బేలుకు బండి బాడుగ మాత్రం మనదే. ఇందులో మీ మెట్లు ఎక్కడున్నాయి?

పక్కన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు కూడా మొగుడి తాగుడు తమ ఖర్మ అనే అనుకున్నారు. చదువు నేర్చుకునే చోట కలిసి కూర్చున్నాక ఇంటింటా అదే గొడవని తెలిసింది, సారా దుకాణం మీదికి పోయారు. 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. మీ వీధిలో పొగాకు వేసిన ఇళ్లలో అడిగి చూడండి. అంతమంది కోడళ్లకూ ఒకే ఏడు పాదం చెడిందా?

సరే, ఇదంతా మీకు తెలియంది కాదు. ఉత్తరం చివర ఒక్క వాక్యంలో దాటేసిన సంగతి దగ్గర నేను ఆగిపోయాను. మీ నాలుగు సవర్ల గొలుసు తాకట్టులో ఉంది. అది మామగారికి తెలియకూడదని రోల్డ్‌గోల్డ్ గొలుసు వేసుకుంటున్నారు. మెడ మీద దద్దు లేస్తే చెమటకాయలని అత్తగారికి చెబుతున్నారు. మామగారు మిమ్మల్ని మాటలంటుంటే మీ ఆయన తల వంచుకుని అన్నం తింటున్నాడు.

అదీ అసలు సంగతి. మీకూ మామగారికీ గొడవేం లేదు, తండ్రీకొడుకుల మధ్య మాట లేదు. తండ్రి దగ్గర అప్పు దాచిన కొడుకు, ఆ తండ్రి కోపం మీ మీద పడుతుంటే చూస్తూ ఊరుకున్నాడు. కష్టంలో భార్య బంగారం వాడుకోవడాన్ని నేను తప్పు పట్టను, సంసారమన్నాక తప్పదు. దాన్ని దాచే పని కూడా ఆమె మెడకే తగిలించడం మాత్రం నాకు మహా కోపం తెప్పిస్తుంది. మీరు దీన్ని ఓర్పు అంటున్నారు. నేను అనను.

"నేను పోతే పీడా పోయిద్ది" అని మీ ఆయన ఒకసారి అన్నాడని రాశారు. ఆ మాటను తేలిగ్గా తీసుకోకండి. అలాంటి ఆలోచనలు వస్తున్నాయా అని సూటిగా అడగండి, అడిగితే లేనిపోనిది గుర్తుచేసినట్టేం కాదు. ఇంట్లో పురుగుమందు ఉంచకండి. 14416కు, అదే మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్‌కు, ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. ఆయన చేయకపోతే మీరే చేయండి.

ఈలోగా ఇద్దరూ కూర్చుని బ్యాంకుది, వ్యాపారి దగ్గర తెచ్చింది, కౌలు బాకీ, తాకట్టు, అన్నీ వడ్డీతో సహా కాగితం మీద రాయండి. వచ్చే పంటకు కౌలు మాట్లాడకముందే ఆ కాగితం మామగారి చేతిలో పడాలి. ఆయనా పొగాకు పండించినవాడే, ఏ పొలం వదిలేయాలో మీ ఆయన కంటే ముందే చెబుతాడు. ఇచ్చేది కొడుకే ఇవ్వాలి. వారంలోగా ఇవ్వకపోతే మీరిస్తానని ముందే చెప్పేయండి. ఆ రోజు వాళ్లిద్దరి మధ్యా నిలబడి సర్దిచెప్పబోకండి. మామగారు అరిస్తే కొడుకు మీదే అరవనీయండి.