సముద్రం లేని ఊరి నుంచి సముద్రతీరపు నీళ్ల ఉద్యోగానికి

ప్రశ్న: మా బిడ్డ హనుమకొండలో బీటెక్ సివిల్ మూడో సంవత్సరం చదువుతోంది. సముద్రతీర నగరాల మంచినీటి, మురుగునీటి వ్యవస్థలను వాతావరణ మార్పులకు తట్టుకునేలా మార్చే పనిలోకి వెళ్తానని పట్టుబట్టింది. మాకు దగ్గర్లో సముద్రమే లేదాయె. ఇందులో ఉద్యోగాలు ఉంటాయా? లేక ఇప్పుడే సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్పించమంటారా?
– ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: ముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పనివ్వండి. 2023 జులై చివరి వానలు మీకూ గుర్తుండే ఉంటాయి. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసిన వారం అది. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నడుము లోతు నీళ్లు నిలిచాయి. నాలుగో అంతస్తులో నల్లా తిప్పితే మాత్రం గాలి తప్ప చుక్క రాలేదు. సంపు, మోటారు, స్టార్టర్ డబ్బా మూడూ సెల్లార్‌లోనే ఉన్నాయి మరి. చుట్టూ అన్ని నీళ్లుండగా రెండు రోజులు క్యాన్లు మోసుకున్నాం. తర్వాత ఎలక్ట్రీషియన్ వచ్చి స్టార్టర్ డబ్బాను ఊడదీసి మొదటి అంతస్తు మెట్ల గోడకు బిగించాడు. కేబుల్ ఖర్చు ఎక్కువైందని మా అసోసియేషన్‌లో ఒకాయన ఇప్పటికీ సణుగుతూనే ఉంటాడు.

మీ అమ్మాయి చేస్తానంటున్న పనిలో సగం ఇదే. కాకపోతే ఆమె చూడాల్సిన సెల్లార్ ఒక నగరమంత ఉంటుంది. 2012లో శాండీ తుపాను న్యూయార్క్‌ను ముంచినప్పుడు అక్కడి మురుగునీటి శుద్ధి కేంద్రాలు, పంపింగ్ స్టేషన్లు దెబ్బతిన్నాయి. మరుసటి ఏడాదే ఆ నగరం ఏ ప్లాంటులో ఏ మోటారును, ఏ ప్యానెల్‌ను ఎంత ఎత్తుకు లేపాలో, ఎక్కడ నీరు చొరబడని తలుపులు పెట్టాలో లెక్కలు కట్టుకుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు కరెంటు వ్యవస్థ కూలింది. పంపులు ఆగిపోవడంతో నగరం తాగునీటికి కటకటలాడింది. అంత దూరం ఎందుకు, 2022 జులైలో గోదావరి పొంగి మన భూపాలపల్లి వైపు కాళేశ్వరం ప్రాజెక్టు కన్నెపల్లి, అన్నారం పంప్‌హౌస్‌లు మునిగిన సంగతి తెలిసిందే కదా. అక్కడ సముద్రం ఏమన్నా ఉందా?

మిగతా సగం ఉప్పు. ఇది మాత్రం మనకు కొత్త. తీరం దగ్గర భూమిలో మంచినీరు బరువైన ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్రమట్టం కన్నా ఒక మీటరు ఎత్తున మంచినీరు నిలిచి ఉంటే, దాని కింద దాదాపు 40 మీటర్ల లోతు దాకా మంచినీరే ఉంటుందని సివిల్ పుస్తకాల్లో ఉండే లెక్క. అంటే బోర్లతో తోడి ఆ మీటరును అర మీటరుకు దించితే, కాలక్రమంలో కింద నుంచి ఉప్పునీరు 20 మీటర్లు పైకొస్తుంది. పైన సముద్రమట్టం పెరిగినా మంచినీటిపై ఆ ఒత్తిడి తప్పదు. మన దగ్గర బోరు ఎండితే ఇంకా లోతుకు వేస్తారు. అక్కడ లోతుకు పోయేకొద్దీ ఉప్పు తగులుతుంది. నదిలో ప్రవాహం తగ్గితే సముద్రపు నీరు నదిలోకి ఎగదన్నుతుంది కాబట్టి, నీళ్లు తీసుకునే చోటునే పైకి జరపాల్సి రావచ్చు.

2006 నుంచి 2018 దాకా ప్రపంచవ్యాప్తంగా సముద్రమట్టం సగటున ఏడాదికి 3.7 మిల్లీమీటర్లు పెరిగింది. వింటే నవ్వొస్తుంది. కానీ మురుగు కాలువను 50 ఏళ్లు పనిచేయాలని కడతాం. వేగం ఇంతే ఉన్నా 50 ఏళ్లకు 18 సెంటీమీటర్లు దాటుతుంది. వాలు తక్కువగా ఉండే తీర నగరంలో సముద్రంలోకి వదిలే కాలువ మూతి దగ్గర అంత ఎత్తు పోతే, సముద్రం పోటు మీదున్న వేళ నీరు బయటకు పోవడం మాని వెనక్కి తంతుంది. అప్పుడు తలుపులు పెట్టాలి, పంపులు పెట్టాలి, వాటికి కరెంటు ఉండాలి. ముంబయిలో 2005 జులై వరద తర్వాత వాననీటిని సముద్రంలోకి తోడే పంపింగ్ స్టేషన్లు ఒకదాని తర్వాత ఒకటి కట్టింది ఇందుకే.

ఇక మీ అసలు ప్రశ్న. ఉద్యోగాలు ఉన్నాయి, కానీ ఆ పేరుతో ఉండవు. ‘వాతావరణ మార్పుల ఇంజినీరు కావలెను’ అన్న ప్రకటన కోసం ఎదురుచూస్తే బిడ్డ ఇంట్లోనే కూర్చుంటుంది. హైడ్రాలిక్ డిజైన్ ఇంజినీరు, నీటి సరఫరా ఇంజినీరు, ప్లాంటు ఇంజినీరు అనే పేర్లతో తీసుకుంటారు. చెన్నైనే చూడండి. మింజూరు, నెమ్మేలి ప్లాంట్లు ఒక్కొక్కటి సముద్రపు నీటి నుంచి రోజుకు 10 కోట్ల లీటర్ల మంచినీరు తీసేలా కట్టారు. నెమ్మేలిలోనే 15 కోట్ల లీటర్ల మరో ప్లాంటు 2024లో మొదలైంది. పేరూరులో 40 కోట్ల లీటర్లది చేపట్టారు. వీటిని కట్టే, నడిపే కంపెనీలకూ, డిజైన్ చేసే కన్సల్టెన్సీలకూ మనుషులు కావాలి. తీర నగరాల్లో ప్రభుత్వ పోస్టుల మీద మాత్రం మరీ ఆశ పెట్టుకోవద్దు. అవి ఆయా రాష్ట్రాల నియామకాలు, స్థానికత అడ్డొస్తుంది. యూపీఎస్సీ ఇంజినీరింగ్ సర్వీసెస్ ద్వారా కేంద్ర జల సంఘంలోకి వెళ్లే దారి ఉంది. ఏదీ కుదరకపోయినా అదే చదువుతో మన రాష్ట్రంలో ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) పరీక్ష రాయొచ్చు, కాబట్టి చదువు వృథా అయ్యే ప్రమాదం లేదు.

మొదటి నాలుగైదేళ్ల జీతం సాఫ్ట్‌వేర్ వాళ్లతో పోల్చితే మీకు టెన్షన్ తప్పదు. చుట్టాల ముందు చెప్పుకోవడానికి ఇబ్బందిగా కూడా ఉండొచ్చు. పైగా సైట్ ఉద్యోగమైతే హనుమకొండ వదలాల్సిందే. ఇందుకు మీరు సిద్ధమేనా అన్నది ఆమె కన్నా ముందు మీరు తేల్చుకోవాలి.

ఎంటెక్‌కు పేరులో ‘క్లైమేట్’ ఉన్న కోర్సు వెతకొద్దని నా గట్టి అభిప్రాయం. నీటి వనరుల ఇంజినీరింగ్ లేదా పర్యావరణ ఇంజినీరింగ్ తీసుకోమనండి. మొదటిది మీ ఇంటి పక్కనే వరంగల్ ఎన్ఐటీలో ఉంది. సముద్రం వైపు మొగ్గు ఎక్కువుంటే సూరత్కల్ ఎన్ఐటీ, ఐఐటీ మద్రాస్ చూడొచ్చు. ఇక సముద్రం లేదన్న బెంగ గురించి ఒక మాట. దేశానికి సునామీ హెచ్చరికలు ఇచ్చే ఇన్‌కాయిస్ ఉన్నది హైదరాబాద్‌లో. భూగర్భజలాలపై పనిచేసే ఎన్‌జీఆర్‌ఐ కూడా అక్కడే. ఎంటెక్ ప్రాజెక్టుకు ముందు ఈ రెండు తలుపులూ తట్టమనండి. ఇంటర్న్‌షిప్‌కు కాకినాడ మంచిది, జాతీయ జలవిజ్ఞాన సంస్థకు డెల్టా ప్రాంతాల కేంద్రం అక్కడ ఉంది.

ఈ వేసవిలో డబ్బులు కట్టే కోర్సు ఏదీ వద్దు. పైపుల్లో నీటి ప్రవాహాన్ని లెక్కగట్టే ఈపీఏనెట్, మ్యాపులు తయారుచేసే క్యూజీఐఎస్ రెండూ ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లే. మీ కాలనీకి తెల్లవారుజామున వాల్వ్ తిప్పడానికి వచ్చే మనిషితో పాటు నాలుగు రోజులు తిరగమనండి. ఏ లైను ఎక్కడ కలుస్తుందో, ఏ వీధికి ప్రెషర్ అందదో ఆయనకు తెలిసినంత కాగితం మీద ఉండదు. అది ఈపీఏనెట్‌లో ఎక్కించి, ఒక పంపు ఆగితే ఏ ఇంటికి నీళ్లు ఆగుతాయో చూపిస్తే చాలు, మినీ ప్రాజెక్టు అయిపోయినట్టే. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ల కట్ట కన్నా దాని గురించే ఎక్కువ అడుగుతారు.

ఎంటెక్ ప్రవేశానికి రాసే గేట్ దరఖాస్తులు మామూలుగా ఆగస్టు చివర్లో మొదలవుతాయి, పరీక్ష ఫిబ్రవరిలో. మూడో సంవత్సరంలో ఉన్నవాళ్లూ రాయొచ్చు. మూడో సంవత్సరంలో దరఖాస్తు గడువు దాటకపోతే, ర్యాంకు ఎలా ఉన్నా ఒకసారి రాసి చూడమనండి, అసలు ప్రయత్నం నాలుగో సంవత్సరంలో పెట్టుకోవచ్చు.