చందుర్తి యుద్ధభూమి చూడాలంటే బస పిఠాపురంలోనే

ఇంగ్లీషువాళ్లకీ ఫ్రెంచివాళ్లకీ చందుర్తి యుద్ధం జరిగిన చోటు, యానాం, చుట్టుపక్కల గుళ్లు చూడ్డానికి రాజమండ్రిలో దిగాలా, కాకినాడలోనా అని అడిగారు. రెండూ వద్దండి. పిఠాపురంలో దిగండి.

రాజమండ్రి నుంచి వస్తే సగం పూట దారిలోనే పోతుంది. కాకినాడ మెయిన్ లైను మీద లేదు, నేరుగా వెళ్లే బండి దొరక్కపోతే సామర్లకోటలో మారాలి. పైగా అక్కడ ఒక ట్రావెల్స్ వాళ్లు చందుర్తికి కారు కావాలంటే తెలంగాణలో చందుర్తా అని అడిగారు నన్ను! బొబ్బిలి కథ బుర్రకథల్లో విన్నాం, ప్లాసీ బళ్లో చదివాం. ప్లాసీ తర్వాతి ఏడాదే, 1758 డిసెంబరులో, మన గొల్లప్రోలు పక్కన కోస్తాలో ఫ్రెంచివాళ్ల పెత్తనం కూలడం మొదలైందని ఏ మాస్టారూ చెప్పలేదు. నాకు ఇది నిజంగా బాధ.

నేను శివరాత్రి ముందు రోజుల్లో వెళ్లాను. ఊళ్లో టీకొట్టు దగ్గర ఒక పెద్దాయన "ఏ యుద్ధవండి బాబూ?" అన్నారు. విజయనగరం ఆనంద గజపతి పిలిస్తే బెంగాలు నుంచి ఇంగ్లీషు సేనాని కల్నల్ ఫోర్డ్ వచ్చాడనీ, తన తెల్ల సైన్యాన్ని ఎత్తుగా పెరిగిన చేను చాటున ఉంచాడనీ చెప్పాను. ఎర్రకోట్లు వేసుకున్న దేశీ సిపాయిలనే తెల్లవాళ్లనుకుని ఫ్రెంచి దళం వాళ్ల మీద పడింది. ఇంతలో అసలువాళ్లు చేను చాటు నుంచి వచ్చి పక్కనుంచి కొట్టారు. పెద్దాయన టీగ్లాసు బల్ల మీద పెట్టి "రండి" అని గట్టు మీదుగా తీసుకెళ్లి, మొక్కజొన్న చేలోకి నాలుగడుగులు వేశారు. మనిషి మాయం. "కనపడుతున్నానాండీ?" అని లోపల్నుంచి కేక. ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ ఎలా మోసపోయాడో ఆ క్షణాన అర్థమైంది. కారులో వచ్చి ఫొటో తీసుకుని పోయేవాళ్లకి ఇది దొరకదు. అందుకే దగ్గర్లో బస చేసి, పొద్దున్నే ఆటోలో వెళ్లి, నింపాదిగా తిరగమంటాను. నాకైతే బోర్డు గానీ రాయి గానీ ఏదీ కనపడలేదు, ఊరివాళ్లని అడగాల్సిందే.

పిఠాపురంలోనే కుక్కుటేశ్వరుడు, పురుహూతికా అమ్మవారు. సామర్లకోట భీమేశ్వరాలయం పక్కనే. ఉప్పాడ జాందానీ చీరలు మగ్గం దగ్గరే కొనండి. బీచ్ రోడ్డుని మాత్రం సముద్రం కోసేస్తోంది, వెళ్లే ముందు కనుక్కోండి. 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న యానాం, ద్రాక్షారామం కలిపి ఒక రోజు పెట్టుకోండి. దారిలో కాకినాడ వస్తుంది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖతో పాటు ఆ ఊరి మీదా బాంబులేశాయని పిల్లలకి చెప్పండి.

శివరాత్రికి మాత్రం రూముల కోసం ముందే ఫోన్ చేయండి. బందరు కోట కూడా చూడాలనుకుంటే, 1759 ఏప్రిల్లో ఇదే ఫోర్డ్ పట్టుకున్న కోట అది, దానికి ఇక్కణ్ణుంచి వెళ్లి రావాలని చూడకండి. ఆ రాత్రి బందర్లోనే పడుకోండి.